కస్టమర్ల అభిప్రాయాలను ఏఐతో అంశాలవారీగా విడదీయడం: తెలుగు జవాబులకు ఏ పద్ధతి నిలుస్తుంది?

ప్రశ్న
అడిగినవారు: సర్వీస్ డెస్క్, ద్వారకా నగర్

నమస్కారం. విశాఖపట్నంలో గృహోపకరణాలు అమ్మే ఒక సంస్థలో కస్టమర్ సర్వీస్ పనులు చూస్తున్నాను. ద్వారకా నగర్, గాజువాక, మధురవాడలతో పాటు అనకాపల్లిలోనూ మాకు షోరూములు ఉన్నాయి. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ వంటివి ఇంటికి చేరి ఫిట్టింగ్ పూర్తయ్యాక, కొన్నవారికి వాట్సాప్‌లో ఒక లింకు పంపుతాము. అందులో ఒకటి నుంచి ఐదు దాకా రేటింగు, దాని కింద "మీ అనుభవం రాయండి" అనే ఖాళీ పెట్టె ఉంటాయి. రేటింగుల లెక్క ఎక్సెల్ చూసుకుంటుంది. చిక్కంతా ఆ పెట్టెలో వచ్చే మాటలతోనే. నెలకు సుమారు 3,000 జవాబులు వస్తున్నాయి. వాటిని అంశాలవారీగా విడదీసి, ఏ షోరూములో ఏ ఫిర్యాదు పెరుగుతోందో, ఏది తగ్గుతోందో నెలనెలా చూపించమని యాజమాన్యం అడుగుతోంది.

జవాబులు ఎలా ఉంటాయో తెలియడానికి కొన్నింటిని వ్యక్తుల వివరాలు లేకుండా ఇస్తున్నాను.

"ఫ్రిజ్ బాగుంది గానీ మూడో అంతస్తుకి ఎక్కించమంటే తెచ్చినవాళ్లు మూడొందలు అడిగారు. స్టెబిలైజర్ బిల్లులో ఉంది, సామానులో లేదు."

"ఫిట్టింగు సేత్తామని ఒచ్చినోడు బేగి ఎల్లిపోనాడు, రిమోటు ఎలా వాడాలో ఏటీ సెప్పనేదు."

"సూపర్ సర్వీసు. నాలుగుసార్లు చేస్తే గానీ ఫోను ఎత్తరు."

ఇవి కాక "ఓకే", "ఏమీ లేదు" అని వచ్చేవి చాలా ఉంటాయి. దాదాపు సగం మంది తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, అందులో ఒకరి స్పెల్లింగు ఇంకొకరికి కలవదు.

మొత్తం షీటును ఒక చాట్ ఏఐకి ఇచ్చి, పది అంశాలుగా విడదీసి శాతాలు చెప్పమంటే ముచ్చటైన పట్టిక ఇచ్చింది. అదే షీటును మళ్లీ ఇస్తే అంశాలు మారిపోయాయి. మొదటిసారి "డెలివరీ ఆలస్యం" ఉన్నచోట రెండోసారి "రవాణా అనుభవం" వచ్చింది, శాతాలూ వేరుగా వచ్చాయి. ఒక్కో అంశానికి ఉదాహరణలు చూపమంటే మా షీటులో ఎక్కడా లేని వాక్యాలను కూడా చూపింది. దీన్ని యాజమాన్యం ముందు పెట్టలేను. నెలకూ నెలకూ పోల్చుకోగలిగేలా ఈ పని చేయడానికి ఏ పద్ధతి ఉంది? అన్నింటినీ ముందు ఇంగ్లీషులోకి అనువదించి ఆ తర్వాత విడదీయడం మేలా?


సమాధానం
రాసినవారు: పాత సర్వే మనిషి, సీతమ్మధార

సర్వీస్ డెస్క్ గారికి నమస్కారం. మీరు ఒక్క పనిగా అడుగుతున్నది నిజానికి రెండు పనులు. జవాబుల్లో ఏయే అంశాలు ఉన్నాయో కనిపెట్టడం ఒకటి, కనిపెట్టిన అంశాల్లో ఒక్కో జవాబును ఎక్కడ వేయాలో తేల్చడం మరొకటి. మీ చాట్ ఏఐ ప్రతిసారీ రెండింటినీ మొదటినుంచి చేసుకొచ్చింది కనుకనే పేర్లు మారాయి. మొదటి పనిని ఏడాదికి ఒకటి రెండుసార్లు మనుషులు కూర్చుని చేయాలి, రెండోదాన్ని యంత్రానికి అప్పగించవచ్చు.

మార్కెట్ రీసెర్చిలో కంప్యూటర్లు రాకముందు నుంచీ ఈ పని ఉంది. దాన్ని కోడింగ్ అనేవాళ్లం, అంశాల జాబితాను కోడ్ ఫ్రేమ్ అనేవాళ్లం. మీరు ముందుగా మూడు నాలుగు వందల జవాబులను ఏరండి. వరుసగా పైనుంచి తీయకుండా, అన్ని షోరూముల నుంచి, అన్ని రేటింగుల నుంచి కలగలిపి తీయాలి. వాటిని ఇద్దరు విడివిడిగా చదివి తమకు తోచిన అంశాలను రాసుకున్నాక, ఇద్దరూ కూర్చుని ఒక జాబితాకు రావాలి. ఆ ఇద్దరిలో ఒకరు గాజువాక లేదా అనకాపల్లి కౌంటరులో పనిచేసినవారైతే మంచిది. పైన మీరిచ్చిన రెండో జవాబులో ఫిర్యాదంతా "సెప్పనేదు" అన్న చివరి మాటలో ఉంది, అది చదవగానే తెలిసే మనిషి కావాలి.

అంశాలను ఎంత సన్నగా కోయాలన్నదే అసలు నిర్ణయం. "డెలివరీ" అని ఒక అంశం పెడితే గ్రాఫు వస్తుంది గానీ దాన్ని చూసి ఎవరూ ఏ పనీ చేయలేరు. చెప్పిన రోజుకు రాకపోవడం గోడౌను వారి బాధ్యత, మెట్లెక్కించడానికి డబ్బు అడగడం రవాణా కాంట్రాక్టరుతో మాట్లాడవలసిన విషయం, సొట్ట పడిన తలుపు ప్యాకింగుకు సంబంధించినది, బిల్లులో ఉన్న వస్తువు సామానులో లేకపోవడం స్టాకు తప్పు. ఈ నాలుగింటినీ ఒకే మాట కింద కలిపేస్తే నలుగురూ పక్కవారి వైపు చూస్తారు. కాబట్టి ఒక ఫిర్యాదును ఎవరు సరిచేయగలరో అడగండి, వేర్వేరు మనుషులు తేలితే అవి వేర్వేరు అంశాలు. మీ వ్యాపారానికి పాతికకు మించి అంశాలు అవసరం పడవని నా అంచనా.

ప్రతి అంశానికీ రెండు మూడు వాక్యాల నిర్వచనం, అందులోకి ఏవి వస్తాయో, ఏవి రావో, మీ షీటు నుంచే తీసిన రెండు ఉదాహరణలు రాసిపెట్టండి. "ఏవి రావు" అన్న భాగాన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత తగవులన్నీ అక్కడే వస్తాయి. మెప్పును, ఫిర్యాదును అంశంతో కలపకుండా వేరే గడిలో పెట్టండి. ఫిట్టింగ్ బాగుందన్నవారిదీ బాగోలేదన్నవారిదీ ఒకే అంశం, మారేది గుర్తు మాత్రమే. అలాగే ఒక జవాబుకు ఒకే అంశం అన్న నియమం పెట్టుకోవద్దు. మీ మొదటి ఉదాహరణలో మెప్పు ఒకటి, ఫిర్యాదులు రెండు ఉన్నాయి. ఇలా పెట్టుకున్నప్పుడు శాతాలు కలిపితే నూరు దాటడం సహజమేనని యాజమాన్యానికి ముందే చెప్పాలి.

ఇక లెక్కపెట్టే పనిని ఏఐకి ఎప్పుడూ ఇవ్వవద్దు. అది ఒక్కో వరుసకు లేబుల్ పెడితే చాలు, కూడికలు ఎక్సెల్ పివట్ టేబుల్ చేస్తుంది.


సమాధానం
రాసినవారు: మధురవాడ కోడర్

సీతమ్మధార మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, సాంకేతిక భాగం మాత్రం రాస్తాను.

అంశాలను యంత్రంచేతనే కనిపెట్టించే పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి. 2003లో వచ్చిన ఎల్‌డీఏ ఒకే పాఠంలో ఏయే మాటలు కలిసి వస్తున్నాయో చూసి అంశాలను ఊహిస్తుంది. పొడవైన వ్యాసాలకు అది పనికొస్తుంది గానీ, ఏడెనిమిది మాటల జవాబులో కలిసి రావడానికి మాటలే ఉండవు. తర్వాత వచ్చిన బెర్టోపిక్ అనే సాధనం ఒక్కో జవాబును అర్థాన్ని బట్టి అంకెల వరుసగా, అంటే ఎంబెడింగ్‌గా మార్చి, యూమ్యాప్‌తో దాన్ని కుదించి, హెచ్‌డీబీస్కాన్‌తో దగ్గరదగ్గరగా ఉన్నవాటిని గుంపులు చేస్తుంది. ఎక్కడా ఇమడని జవాబులను మైనస్ ఒకటి అనే గుంపులోకి నెడుతుంది. చిన్న జవాబులతో ఆ గుంపు పెద్దదైపోవడం మామూలే. యూమ్యాప్‌కు రాండమ్ సీడ్ (యాదృచ్ఛిక లెక్క మొదలయ్యే అంకె) స్థిరంగా ఇవ్వకపోతే ఇక్కడా ఒకసారి వచ్చిన గుంపులు మరోసారి రావు.

తెలుగుతో వచ్చే ప్రత్యేకమైన తంటాలు రెండు ఉన్నాయి. మొదటిది, గుంపులు అంశాన్ని బట్టి కాక లిపిని బట్టి ఏర్పడడం. తెలుగు లిపిలో రాసిన డెలివరీ ఫిర్యాదు ఒక మూలకు, అదే ఫిర్యాదు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే మరో మూలకు పోతుంది. గూగుల్ 2020లో విడుదల చేసిన, ఎంబెడింగులు తయారుచేసే లాబ్సే మోడల్ తెలుగుతో కలిపి 109 భాషలను చూస్తుంది గానీ, ఇంగ్లీషు అక్షరాల తెలుగును ముందుగా తెలుగు లిపిలోకి మార్చి ఇస్తేనే దానితో సరైన ఫలితం ఆశించవచ్చు. ఆ మార్పిడికి ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం తయారుచేసిన ఇండిక్‌ఎక్స్‌లిట్ ఉంది.

రెండోది చిన్నదే గానీ చాలామందిని ఏమారుస్తుంది. గుంపుకు పేరు పెట్టడానికి బెర్టోపిక్ ముఖ్యపదాలను తీసేటప్పుడు, మాటలను విడగొట్టే పనిని సైకిట్ లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలోని కౌంట్ వెక్టరైజర్ చేస్తుంది. దాని డిఫాల్ట్ నమూనా అక్షరాల వరుసలను వెతికే సూత్రాలైన పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద ఆధారపడింది, అందులో గుణింతపు గుర్తులు అక్షరాల కింద లెక్కకు రావు. దానితో "డెలివరీ" అన్న మాట గుణింతాల దగ్గర ముక్కలైపోతుంది, ఒంటరి హల్లులు మిగులుతాయి, రెండు అక్షరాలకన్నా చిన్నవి కనుక వాటిని కూడా అది పారేస్తుంది. ముఖ్యపదాల జాబితాలో అర్థంలేని ముక్కలు కనిపిస్తే మోడల్‌కు తెలుగు రాదని నిందించకుండా, ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టే నమూనాను మీరే ఇవ్వండి. అప్పుడు కూడా "డెలివరీకి", "డెలివరీలో", "డెలివరీవాళ్లు" మూడు వేర్వేరు మాటలుగానే నిలుస్తాయి, విభక్తులు అంటుకునే భాషతో అది తప్పదు.

అందుకే మీ పరిమాణానికి నేను సూచించేది, కోడ్ ఫ్రేమ్ మొత్తాన్ని ప్రాంప్టులో, అంటే ఏఐకి ఇచ్చే సూచనలో పెట్టి, చాట్ ఏఐల వెనక ఉండే లాంగ్వేజ్ మోడల్ చేత లేబుల్ చేయించడం. చాట్ పెట్టెలో కాదు, ఏపీఐ ద్వారా, అంటే మీ ప్రోగ్రామే నేరుగా మోడల్ దగ్గరికి పంపి జవాబు తెచ్చుకునే దారిలో. ప్రతి జవాబుకూ ఒక నంబరు ఇచ్చి, పదిహేను ఇరవై చొప్పున పంపి, ఫలితాన్ని ప్రోగ్రాము చదవగలిగే జేసన్ రూపంలో తీసుకోండి. పంపిన నంబర్లన్నీ తిరిగి వచ్చాయో లేదో ప్రోగ్రామే చూడాలి, జాబితాలో లేని లేబుల్ వస్తే తిరస్కరించాలి. జవాబులు ఎంత మారుతూ రావచ్చో నిర్ణయించే టెంపరేచర్ అనే సెట్టింగును సున్నా పెట్టండి. దానివల్ల ఫలితం పూర్తిగా స్థిరపడుతుందన్న హామీ లేదు గానీ ఊగిసలాట తగ్గుతుంది. ఏ మోడల్, ఏ వెర్షన్ వాడారో నెలనెలా రాసిపెట్టండి. మోడల్ మారిన నెలలో గ్రాఫు కదిలితే అది కస్టమర్ల కదలికో మోడల్ కదలికో తేల్చుకోవాలి కదా.

షీటులో లేని వాక్యాలు వచ్చాయన్నారు. దానికి మందు ఉంది. ప్రతి లేబుల్‌కూ ఆధారమైన మాటలను జవాబులో ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి రాయమని మోడల్‌ను అడగండి. "మూడొందలు అడిగారు" అన్న ముక్క ఆ జవాబులో అక్షరాలా ఉందో లేదో వెతకడం ప్రోగ్రాముకు క్షణం పని. లేకపోతే ఆ లేబుల్‌ను పక్కన పెట్టి మనిషికి చూపించండి. యాజమాన్యం ముందు కూర్చున్నప్పుడు ఈ ఆధారాల గడే మీకు అక్కరకొస్తుంది.

ఇంగ్లీషులోకి అనువదించే మెట్టు వద్దనే నా అభిప్రాయం. "సూపర్ సర్వీసు" అన్న ఎత్తిపొడుపు అనువాదంలో నిజమైన మెప్పుగా మారే ప్రమాదం ఉంది, యాసలోని "నేదు" జారిపోవచ్చు, ఆధారపు మాటలను సరిచూసుకునే వీలూ పోతుంది. యూటీఎఫ్-8లో తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, టోకెన్లూ, అంటే మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే, ఖర్చు లెక్కగట్టే ముక్కలూ, ఇంగ్లీషుకన్నా ఎక్కువే అవుతాయి. అయినా నెలకు 3,000 పొట్టి జవాబుల దగ్గర ఆ తేడా గురించి బెంగ అక్కరలేదు.


సమాధానం
రాసినవారు: సర్వీస్ సెంటర్, కంచరపాలెం

పై ఇద్దరూ చెప్పిన పద్ధతి చక్కగానే ఉంది గానీ, స్థిరమైన జాబితా మీద ఇంత నమ్మకం నాకు లేదు. జాబితా నిన్నటి ఫిర్యాదుల నుంచి పుడుతుంది, మనల్ని ఇబ్బంది పెట్టేవి రేపటివి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు వారం ఏసీ కొన్నవారు తేడా సొమ్ము వెనక్కి వస్తుందా అని రాస్తే, ఆగస్టులో తయారైన కోడ్ ఫ్రేములో దానికి చోటు ఉండదు. మోడల్ దాన్ని "ధర ఎక్కువ" కిందనో "బిల్లు తప్పు" కిందనో బలవంతంగా ఇరికిస్తుంది, మీరు ఆ గ్రాఫు చూసి ధరల మీద చర్చ పెట్టుకుంటారు.

కాబట్టి "ఇతరములు" అన్న అంశాన్ని చెత్తబుట్టగా చూడకండి. ఏ అంశంలోనూ సరిగా ఇమడకపోతే ఇరికించవద్దని, ఇతరములులో వేసి ఒక్క వాక్యంలో విషయం రాయమని మోడల్‌కు స్పష్టంగా చెప్పండి. ఆ వాక్యాలను వారానికోసారి మనిషి చదవాలి. మధురవాడ వారు చెప్పిన గుంపుల పద్ధతిని ఈ ఒక్కచోట వాడుకోవచ్చు. కొత్త అంశం తేలితే కోడ్ ఫ్రేముకు కొత్త వెర్షన్ నంబరు ఇచ్చి, పాత నెలల జవాబులను కూడా కొత్త జాబితాతో మళ్లీ లేబుల్ చేయించండి. మనుషులతో చేయించిన రోజుల్లో ఇది ఊహకందని ఖర్చు, ఇప్పుడు ఒక రాత్రిలో అయిపోతుంది. ఏఐ వల్ల మన పనిలో నిజంగా మారింది ఇదేనని నాకనిపిస్తుంది.

ఇంకొక మాట. ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కకు లొంగని జవాబులు కొన్ని ఉంటాయి. "వాషింగ్ మెషీను ముట్టుకుంటే షాక్ కొడుతోంది", "ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోంది" వంటివి నెలకు ఒకటో రెండో వస్తాయి, గ్రాఫులో కనిపించనే కనిపించవు. వీటికి వేరే గంట కట్టాలి. షాక్, పొగ, మంట, గ్యాసు, దెబ్బ తగలడం వంటి విషయం ఏదైనా కనిపిస్తే, అంశం ఏదైనా సరే, ఆ జవాబు నెలాఖరు దాకా ఆగకుండా అదే రోజు సర్వీస్ మేనేజరు ఫోనుకు వెళ్లాలి. ఇక్కడ మోడల్ అతి జాగ్రత్తపడి పది తప్పుడు గంటలు కొట్టినా నష్టం లేదు, ఒక్కటి వదిలేస్తే మాత్రం ఉంది. సముద్రపు ఉప్పుగాలికి బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, ఎర్తింగ్ కనెక్షన్లు తుప్పు పట్టడం మన ఊరివారికి కొత్త కాదు కనుక మీరు దీన్ని మొదటి నెలలోనే పెట్టుకోవాలి.

ప్రైవసీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పెట్టెలో జనం తమ ఫోను నంబరు, ఫ్లాటు నంబరు, వచ్చిన కుర్రాడి పేరు కూడా రాసేస్తారు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లోనే వచ్చింది. షీటు బయటి సర్వరుకు వెళ్లే ముందే నంబర్లను, పేర్లను, చిరునామాలను తొలగించే మెట్టు ఉండాలి. ఉచిత చాట్ పెట్టెల్లో కస్టమర్ల షీటు అతికించడాన్ని ఇకనైనా మాన్పించండి.


సమాధానం
రాసినవారు: లెక్కల మాస్టారు, మద్దిలపాలెం

యంత్రం ఎంత సరిగా చేస్తోందో కొలవకుండా ఎవరి మాటా నమ్మవద్దు, నాది కూడా. ఒక 300 జవాబులను ఇద్దరు మనుషులు విడివిడిగా లేబుల్ చేసి పెట్టుకోవాలి. కోడ్ ఫ్రేము తయారీకి వాడినవి కాకుండా వేరేవి తీసుకోండి. ముందుగా ఆ ఇద్దరికీ ఎంత పొత్తు కుదిరిందో చూడాలి. మనుషులే ఒప్పుకోలేని అంశం మీద యంత్రం తప్పు చేసిందనడానికి ఆధారం లేదు. ఉత్త శాతంతో కాకుండా, యాదృచ్ఛికంగా కలిసే పాలును తీసివేసి చూపే కోహెన్ కప్పాను వాడండి. 1960 నాటి కొలత అయినా ఈ పనికి ఇప్పటికీ అదే చాలు.

"యంత్రం 95 శాతం సరిగా చెప్పింది" అన్న మాటకు మోసపోకండి. సామాను తక్కువ వచ్చిందన్న ఫిర్యాదు నూటికి ఐదు జవాబుల్లోనే ఉంటే, ఆ అంశాన్ని ఎవరికీ పెట్టని సోమరి యంత్రానికి కూడా 95 శాతం మార్కులు వస్తాయి. అందుకని ఒక్కో అంశానికి రెండు ప్రశ్నలు వేయండి: యంత్రం ఆ లేబుల్ పెట్టినవాటిలో ఎన్ని నిజం, నిజంగా ఉన్నవాటిలో ఎన్నింటిని అది పట్టుకుంది. తెలుగు లిపి జవాబులకూ ఇంగ్లీషు అక్షరాల జవాబులకూ ఈ రెండు అంకెలను విడిగా చూడాలి. ఒకదానిలో పట్టు బాగా తక్కువైతే, ఆ విధంగా రాసే కస్టమర్ల ఫిర్యాదులు గ్రాఫులో తగ్గి కనిపిస్తాయి. అనకాపల్లి షోరూము మంచిదైపోయిందని మీరు అనుకుంటారు, నిజానికి అక్కడివారి రాత యంత్రానికి అందలేదు.

గ్రాఫు చదవడంలో కూడా నిగ్రహం అవసరం. ఒక షోరూముకు నెలలో పనికొచ్చే జవాబులు 400 వచ్చి, వాటిలో 40 ఆలస్యం గురించి ఉంటే అది 10 శాతం. దానికి అటూ ఇటూ దాదాపు మూడు పాయింట్ల ఊగు ఉంటుంది. వచ్చే నెల 12 అయితే మేనేజరును పిలిచి సంజాయిషీ అడగవలసిన పని లేదు. పైగా ఇవి రాసినవారి శాతాలే తప్ప కొన్నవారి శాతాలు కావు. బాగా కోపం వచ్చినవారూ బాగా సంతోషించినవారూ రాస్తారు, మిగతావారు "ఓకే" అంటారు.


అడిగినవారి స్పందన
సర్వీస్ డెస్క్, ద్వారకా నగర్

అందరికీ కృతజ్ఞతలు. గాజువాక కౌంటరులో ఉన్న సహోద్యోగి, నేను కలిసి జవాబులు చదవడం మొదలుపెట్టాము. షాక్, పొగ జవాబుల గంటను ముందుగా పెట్టిస్తున్నాము. మూడొందలు అడిగారన్న జవాబు ధర కిందకు వస్తుందా డెలివరీ కిందకు వస్తుందా అన్న వాదన, ఎవరు సరిచేయగలరన్న ప్రశ్నతో వెంటనే తేలిపోయింది. కానీ ఒకచోట ఆ ప్రశ్న పనిచేయడం లేదు. "ఏసీ పెట్టి నాలుగు రోజులైంది, గది చల్లబడటం లేదు" అని రాస్తారు. పైపు జాయింటు దగ్గర గ్యాసు కారుతుంటే అది మా ఫిట్టింగ్ లోపం, కంప్రెసర్ చెడితే కంపెనీ వారంటీ, పై అంతస్తులోని పెద్ద గదికి ఒక టన్ను ఏసీ అంటగట్టి ఉంటే అది మా సేల్స్ వారి తప్పు. జవాబు చదివితే ఈ మూడింటిలో ఏదో తెలియదు. నేను ఫిట్టింగ్ అన్నాను, నా సహోద్యోగి ప్రొడక్టు అన్నారు. మోడల్‌ను అడిగితే ఎంతో ధీమాగా ఒకసారి అదీ ఒకసారి ఇదీ చెబుతోంది.


సమాధానం
రాసినవారు: పాత సర్వే మనిషి, సీతమ్మధార

ఇక్కడ మీ ఇద్దరూ, మోడల్ కూడా, కస్టమరు చెప్పని విషయాన్ని ఊహిస్తున్నారు. కస్టమరు చెప్పింది లక్షణం, మీరు వెతుకుతున్నది కారణం. కోడ్ ఫ్రేములో "చల్లబడటం లేదు" అన్నదే అంశంగా పెట్టి, కారణం జవాబులో స్పష్టంగా ఉంటే తప్ప రాయకూడదని నిర్వచనంలో చేర్చండి. ఇలాంటి అంశాలకు ఎవరు సరిచేయాలన్న ప్రశ్నకు జవాబు ఒకటే, ముందుగా టెక్నీషియన్ వెళ్లి చూడాలి. ఆయన గ్యాసు ప్రెషరు చూసి జాబ్ కార్డులో రాసిన కారణం మీ సర్వీస్ రికార్డుల్లో ఎలాగూ ఉంటుంది, దాన్ని ఇన్వాయిస్ నంబరుతో ఈ షీటుకు కలపండి. ఫిట్టింగ్ తేదీకీ ఫిర్యాదు తేదీకీ మధ్య ఎన్ని రోజులన్నది కూడా మరో గడిగా అక్కడినుంచే తీసుకోవచ్చు. రెండు మూడు నెలల జాబ్ కార్డులు కలిశాక, చల్లబడలేదన్న జవాబుల్లో జాయింటు లీకులు ఎన్నో, ఏ ఫిట్టింగ్ బృందం వెళ్లిన ఇళ్లలోనివో మీకే కనిపిస్తుంది.